1800కి పాత డ్రెస్సింగ్ టేబుల్ కొన్నాను, రంగు వేసి ఆరు రోజులైనా ఆరట్లేదు

సుధ_ఎంవీపీ
పోయిన నెలాఖర్లో మా వెనక వీధిలో ఉండే నేవీ కుటుంబం ట్రాన్స్‌ఫర్ మీద వెళ్ళిపోతూ సామాను అమ్మేస్తుంటే ఒక డ్రెస్సింగ్ టేబుల్ 1800కి తెచ్చుకున్నాను. కోలగా ఉన్న అద్దం, మూడు సొరుగులు, కాస్త వంపు తిరిగిన కాళ్ళు, చూడ్డానికి ముచ్చటగా ఉంది. పాలిష్ మాత్రం వెలిసిపోయింది. నాలుగు వీడియోలు చూసి ధైర్యం చేసి దంతం రంగు ఎనామిల్ రెండు కోట్లు వేశాను. ఇవాళ ఆరో రోజు. పక్కలు ఆరాయి కానీ గోటితో గీస్తే అప్పడంలా లేచి వస్తోంది. పైభాగం ఇంకా బంక బంకగానే ఉంది. నిన్న ఒక దోమ వాలి అలాగే అతుక్కుపోయింది.

ఖర్చు చెప్తాను, నవ్వకండి. టేబుల్ 1800, ఆటో 350, రంగు 420, బ్రష్షులు 130, థిన్నర్ 100. మొత్తం 2800. వచ్చే శుక్రవారం వరలక్ష్మీ వ్రతం, పేరంటాళ్ళు ఆ గదిలోంచే వెళ్ళాలి. మా అత్తగారు అప్పుడే అనేశారు, "ఎవరో వాడి వదిలించుకున్నది డబ్బిచ్చి తెచ్చి, దానికి దోమల్ని అతికిస్తున్నావా" అని. ఏం చెయ్యమంటారు?

కంచరపాలెం_కుర్రోడు
ముందు దోమ ఫొటో పెట్టండి.

పాతసామాను_పిచ్చి
రంగు వేసే ముందు ఉప్పు కాగితం పట్టారా? ప్రైమర్, అంటే రంగు పట్టడానికి ముందు వేసే పూత, కొట్టారా? థిన్నర్ అంటే ఏ థిన్నర్? ఎనామిల్‌లో టర్పెంటైన్ కలపాలి. లాకర్ అనే వార్నిష్‌లో పోసే ఎన్‌సీ థిన్నర్ కలిపి ఉంటే అసలు గొడవ అదే.

సుధ_ఎంవీపీ
పిచ్చి గారూ, తడిగుడ్డతో తుడిచి వేసేశాను. ప్రైమర్ సంగతి వీడియోలో ఆవిడ చెప్పలేదు, లేదా నేను ముందుకు జరిపేశానేమో. థిన్నర్ అంటే కొట్టతను ఇచ్చింది తీసుకున్నాను, డబ్బా మీద ఎన్‌సీ అనే ఉంది. వాన జల్లు కొడుతోందని కిటికీలు మూసేశాను కూడా.

బీచ్‌రోడ్_బద్ధకిష్టి
చారాణా కోడికి బారాణా మసాలా అంటే ఇదే. పైన ఒక గుడ్డ కప్పి, దాని మీద కలశం పెట్టెయ్యండి. దేవుడి దగ్గర ఎవరూ గోటితో గీకరు.

ఉక్కునగరం_రిటైర్డ్
గుడ్డ కప్పితే గుడ్డ కూడా అతుక్కుంటుంది, దోమకి తోడుగా.

అమ్మాయ్, కారణం థిన్నర్ ఒక్కటే కాదు. పక్కలు ఆరి పైభాగమే ఆరలేదంటే ఆలోచించు. అది డ్రెస్సింగ్ టేబుల్. ఏళ్ళ తరబడి కొబ్బరినూనె సీసా ఎక్కడ పెట్టి ఉంటారు? పైనే. ఆ నూనె చెక్కలోకి దిగిపోయి ఉంటుంది, తడిగుడ్డకి పోదు. నూనె మీద రంగు పట్టదు, ఆరదు. పక్కలు లేచిపోతున్నది వేరే కారణం, నున్నటి పాలిష్ మీద నేరుగా వేశావు కాబట్టి రంగుకి పట్టు దొరకలేదు. పైగా ఎనామిల్ ఆరడం అంటే నీళ్ళు ఎగిరిపోయినట్టు కాదు, గాలిలో ప్రాణవాయువు తీసుకుని గట్టిపడాలి. నువ్వేమో కిటికీలు మూసి ఊపిరాడనివ్వలేదు. మందంగా పూసి కూడా ఉంటావు. పైన పొర మీగడ కట్టి, కింద పచ్చిగా ఉండిపోతుంది.

కాబట్టి వేసిందంతా తీసెయ్యాలి. లప్పం పట్టే బ్లేడుతో గీకు, టర్పెంటైన్ గుడ్డతో రెండుమూడు సార్లు తుడు, సబ్బు నీళ్ళతో కడిగి ఫ్యాను కింద ఒక రోజు ఆరబెట్టు. తర్వాత ఉప్పు కాగితం, ప్రైమర్, పల్చగా రెండు కోట్లు, కోటుకీ కోటుకీ మధ్య ఒక రోజు. నేను క్వార్టర్ ఖాళీ చేసినప్పుడు మా పాత సామానంతా ఇలాగే బాగుచేసుకున్నాను.

సుధ_ఎంవీపీ
కొబ్బరినూనె! ఇల్లంతా థిన్నర్ వాసన వస్తుంటే ఆ టేబుల్ దగ్గర మాత్రం ఇంకో వాసన ఏదో వస్తోందని మా అమ్మాయి మొదటి రోజే అంది. సొరుగు సందుల్లో పౌడరు కూడా గడ్డలు కట్టి ఉంది.

వడ్రంగి_మనవడు
ఉక్కు బాబాయ్ చెప్పిన కారణం కరెక్టే, కానీ ఉప్పు కాగితం పట్టే ముందు అది ఏ చెక్కో చూడండి. సొరుగు బయటికి లాగి అంచు చూడండి. పైన కనిపించే రేఖలు అంచు మీదుగా కిందకి దిగితే నిజమైన కర్ర. అంచు దగ్గర గీత గీసినట్టు ఆగిపోయి వేరే పట్టీ కనిపిస్తే అది టేకు పొర అతికించిన ప్లైవుడ్. ఆ పొర మందం అర మిల్లీమీటరు అటూ ఇటూ. మా తాత దాన్ని టేకు కాదు, టేకు ఫొటో అనేవాడు.

ఇంకోటి. అసలు రంగు ఎందుకు? మంచి కర్ర అయితే పాలిష్ చేసుకోండి. కిందెక్కడైనా కనపడని చోట స్పిరిట్‌లో ముంచిన దూది రుద్దండి. జిగురుగా కరిగితే లక్క పాలిష్. దానికి కరగక థిన్నర్‌కి కరిగితే లాకర్. రెండిటికీ చలించకపోతే పీయూ (పాలీయురెథేన్) లాంటిది, దాన్ని గీకడమే.

ఉక్కునగరం_రిటైర్డ్
మనవడా, వంపు కాళ్ళు, కోల అద్దం అంటోంది. ఆ మోడల్ అంతా ఆ రోజుల టేకే. అప్పట్లో పొరలూ ఫొటోలూ ఎక్కడివి? అమ్మాయ్, భయపడకు. 80 నంబరు కాగితం, బాగా గరుకుది, తీసుకుని గట్టిగా పట్టు. తర్వాత 120, ఆఖర్న 220.

వడ్రంగి_మనవడు
చూడకుండా 80 నంబరా! సరే, నేను చెప్పాల్సింది చెప్పాను.

గోపాలపట్నం_గృహిణి
టేబుల్ కాబట్టి బతికిపోయారు. మేం రెండేళ్ళ కిందట పాత సోఫా తెచ్చుకున్నాం, 2000కి మూడు సీట్లది. పది రోజులకి పిల్లాడి చేతుల మీద వరసగా దద్దుర్లు. వేడి అనుకున్నాం. ఒక రాత్రి లేచి టార్చి వేసి చూస్తే కుట్టు వెంబడి నల్లటి చుక్కలు, మధ్యలో నల్లులు. మే నెల ఎండలో డాబా మీద నాలుగు రోజులు పెట్టాం, కిరసనాయిలు కొట్టాం. ఎండ పై గుడ్డకే తగులుతుంది, ఫోము లోపల అవి హాయిగా ఉన్నాయి. తిండి లేకుండా నెలల తరబడి ఉండగలవట అవి. చివరికి గుడ్డా ఫోమూ అన్నీ పీకి అవతల పారేసి, చట్రం ఒక్కటే ఉంచి, సందుల్లో సలసల కాగే నీళ్ళు పోసి, కొత్త ఫోము వేయించాం. 2000 సోఫా 9000 అయింది. అయినా కొత్తదాని కంటే తక్కువే, చట్రం మద్ది కర్ర. కానీ ఇప్పుడు పాతవి కొనేటప్పుడు గుడ్డ ఉన్నది ముట్టను. కొంటే కుట్లూ, మూలలూ, కింద గోనె పట్టా అన్నీ టార్చి వేసి చూశాకే.

కంచరపాలెం_కుర్రోడు
ఒకరి టేబుల్ మీద దోమ, ఇంకొకరి సోఫాలో నల్లి. ఇది సామాను చర్చా, మలేరియా విభాగమా?

సీతమ్మధార_సరళ
నాదో మాట. అద్దం ఉన్నది, మంచం, ఉయ్యాల, ఇవి ఇంకొకరివి తెచ్చుకోకూడదని మా అమ్మ అంటుంది. ఆ ఇంట్లో ఏం జరిగిందో మనకి తెలియదు కదా.

పాతసామాను_పిచ్చి
సరళ గారూ, అద్దెకుండే ఇంట్లో ఎవరు ఏం చేసి వెళ్ళారో మనకి తెలుసా? పసుపు నీళ్ళు చల్లుకుని దిగిపోతాం. టేబుల్ మీద కూడా చల్లండి. నూనె తీశాక చల్లండి కానీ.

సీతమ్మధార_సరళ
తెచ్చుకోవద్దని నేననట్లేదు, అమ్మ అంటుందన్నాను. మా ఇంట్లో ఉన్న రోలు కూడా పాతదే, దాని గురించి మాత్రం ఆవిడ మాట్లాడదు.

ఉప్పుగాలి_లాసన్స్‌బే
చెక్క సంగతి వదిలేస్తే, మన విశాఖలో పాత ఇనుము కొనేవాళ్ళకి ఒక హెచ్చరిక. గాజువాకలో ఒక పాత ఇనుప బల్ల చట్రం, రెండు కుర్చీలు తూకానికి కొన్నాను, చవగ్గా వచ్చాయి. తుప్పు గీకి, ప్రైమర్ కొట్టి, నల్ల రంగు వేసి బాల్కనీలో పెట్టాను. బ్రహ్మాండంగా ఉంది. మూడు నెలలకి రంగు కింద పొక్కులు లేచాయి. పొక్కు గిల్లితే లోపల ఎర్రటి నీరు. మళ్ళీ అంతా గీకి మళ్ళీ వేశాను, మళ్ళీ అదే.

తర్వాత ఓడరేవులో రంగుల పని చేసిన ఒక పెద్దాయన చెప్పాడు. సముద్రం పక్కన ఇనుము మీద కంటికి కనపడని ఉప్పు ఉంటుంది, గీకినంత మాత్రాన పోదు. దాని మీద రంగు వేస్తే ఉప్పు లోపల ఉండి చెమ్మ లాక్కుంటుంది, అదే పొక్కు. ముందు మంచినీళ్ళతో బాగా కడగాలి, వెంటనే ఆరబెట్టాలి, ఆరిన గంట రెండు గంటల్లోపే రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ కొట్టెయ్యాలి. పొద్దున గీకి సాయంత్రం ప్రైమర్ అంటే మధ్యలో మళ్ళీ సన్నగా తుప్పు పట్టేస్తుంది. బకెట్ నీళ్ళు, అంతే తేడా. మూడోసారి వేసింది రెండు వానాకాలాలు దాటింది.

ఇత్తడి కూడా అంతే. చింతపండు, ఉప్పు పెట్టి తోమిన బిందె బీచ్ వైపు ఇంట్లో వారం తిరక్కుండా నల్లబడుతుంది. పూజకి వాడనిది, కేవలం చూడ్డానికి పెట్టుకున్నది అయితే తోమి, పూర్తిగా ఆరాక, పారదర్శక లాకర్ ఒక కోటు కొట్టండి.

బీచ్‌రోడ్_బద్ధకిష్టి
నల్లబడనివ్వండి సార్. అదే మెరుపు తీసేసి "పాతకాలపు వస్తువు" అని పేరు పెట్టి పదింతలకి అమ్ముతున్నారు.

మద్దిలపాలెం_మాస్టారు
ఉక్కునగరం గారు "గట్టిగా పట్టు" అన్నారు, ఒక జాగ్రత్త. పాత కిటికీ తలుపులు, ఉయ్యాలలు, పిల్లల మంచాలు తెచ్చి ఆ ఆకుపచ్చ, నీలం పాత రంగులు పొడిగా గీకకండి. పాత ఎనామిల్‌లో సీసం ఉండొచ్చు. ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల్లో 90 వంతులు) దాటకూడదన్న నిబంధన 2017 నవంబరు 1 నుంచే మన దగ్గర అమల్లోకి వచ్చింది. అంతకు ముందు వేసిన రంగు ఎలాంటిదో చూసి చెప్పలేం. నీళ్ళతో తడుపుతూ వాటర్ పేపర్ పట్టండి, మాస్కు పెట్టుకోండి, పిల్లల్ని ఆ చుట్టుపక్కలకి రానివ్వకండి, పొడిని చీపురుతో ఊడ్చకుండా తడిగుడ్డతో ఎత్తండి.

సుధ_ఎంవీపీ
నాది మొన్న మొన్న వేసిన రంగే మాస్టారూ, కింద పాలిష్. రేపు ఆదివారం, పని మొదలుపెడుతున్నాను. ఉక్కు బాబాయ్ గారూ, మీ మాటే.

మధురవాడ_మణి
సొరుగుల పిడులు మారుస్తారా? నాకు పిడులంటే పిచ్చి. మా పాత అలమరకి ఏటికొప్పాక లక్క పిడులు పెట్టించాను. బొమ్మలు చేసేవాళ్ళనే అడిగాను, అంకుడు కర్రని తరిమెన (లేత్) పట్టి చేసిచ్చారు. తిరుగుతున్న కర్రకి లక్క కడ్డీ ఆనిస్తే ఆ రాపిడి వేడికే కరిగి అంటుకుంటుంది, తర్వాత మొగలి ఆకు ఆనిస్తే మెరుపు వస్తుంది. ఆ బొమ్మలకి 2017లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఆకుల రంగు, పసుపు రంగు కలిపి ఆరు పిడులు. పాత అలమర, కొత్త ముక్కుపుడక అన్నట్టుంది. ఒక్కటే ఇబ్బంది, కర్ర పిడికి స్క్రూ వెనక నుంచి గట్టిగా బిగిస్తే పగులుతుంది. సన్న రంధ్రం ముందే వేయించుకోండి.

పాతసామాను_పిచ్చి
మణి గారూ, ఆ పిడులకి స్పిరిట్ తగలనివ్వకండి. లక్క కదా, కరిగి చేతికొస్తుంది.

సుధ_ఎంవీపీ
ఉక్కు బాబాయ్ గారూ.

పొద్దున్నుంచి గీకాను. టర్పెంటైన్‌తో తుడిచాను. 80 నంబరు కాగితం గట్టిగానే పట్టాను. కింద తేనె రంగు కర్ర బయటపడుతుంటే మా ఆయన్ని కూడా పిలిచి చూపించాను. ఇంకో పది నిమిషాలకి కుడి మూల దగ్గర అరచెయ్యంత మచ్చ. తెల్లగా పాలిపోయి ఉంది. పైన రేఖలు నిలువుగా ఉంటే అక్కడ అడ్డంగా ఉన్నాయి. ఆ మచ్చ అంచు వేలితో తడిమితే కాగితం చివరలా తగులుతోంది.

టేకు ఫొటో చిరిగిపోయింది.

కంచరపాలెం_కుర్రోడు
కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది.

వడ్రంగి_మనవడు
నేనేం అనట్లేదు. బాబాయ్ ఎక్కడ?

ఉక్కునగరం_రిటైర్డ్
ఉన్నాను. పొరపాటే. కాళ్ళు చూసి మోసపోయాను. కాళ్ళు టేకే అయి ఉంటాయి అమ్మాయ్, పైపలకే ప్లై. నా ఇంట్లో ఉన్నవన్నీ కర్ర కాబట్టి అందరి ఇంట్లో కర్రే అనుకున్నాను. తిట్టాలనుకుంటే తిట్టు.

సుధ_ఎంవీపీ
తిట్టను కానీ మా అత్తగారు మీ పేరు అడిగారు.

గోపాలపట్నం_గృహిణి
ప్లై అయినా నయమే. హుద్‌హుద్ తుఫాను రోజు, 2014 అక్టోబరు 12న, మా కిటికీ అద్దాలు పగిలి హాలంతా నీళ్ళు. పొట్టు బోర్డు (చెక్కపొట్టు జిగురుతో అదిమి చేసేది) టీవీ స్టాండు బన్నులా ఉబ్బి రెండో రోజుకి చేత్తో తుంచితే వచ్చింది. పక్కనే ఉన్న అమ్మ కర్ర బల్ల, ప్లై పుస్తకాల అర ఇప్పటికీ వాడుతున్నాం. పాతవి కొనేటప్పుడు పొట్టు బోర్డా కాదా అన్నది ముందు చూడాలి. స్క్రూ ఒకసారి ఊడితే దానికి మళ్ళీ పట్టు రాదు.

వడ్రంగి_మనవడు
సుధ గారూ, ఇంకేం మునిగిపోలేదు. పైపలకని ఇక పాలిష్ చేయలేం, మచ్చ దాగదు. పైభాగానికి రంగు, కాళ్ళకీ సొరుగుల ముందు భాగానికీ పాలిష్. రెండు రకాలు కలిస్తే బావుంటుంది కూడా.

ముందు నూనె. ఇంకా లోపల ఉంటుంది. ముగ్గుపిండిలో టర్పెంటైన్ పోసి దోసెల పిండంత జారుగా కలిపి, పైపలక మీద మందంగా పట్టించి, పైన ప్లాస్టిక్ కవర్ కప్పి రాత్రంతా ఉంచండి. పొద్దున కవర్ తీసి, పూర్తిగా ఎండాక గీకితే పిండి నూనె పీల్చుకుని పచ్చబడి వస్తుంది. దీపం, స్టవ్వు దగ్గర ఉంచకండి, టర్పెంటైన్ అంటుకుంటుంది. తుడిచిన గుడ్డల్ని కూడా ఉండ చుట్టి మూలన పడెయ్యకండి. తర్వాత చిరిగిన అంచు దగ్గర లప్పం పట్టించి, 220తో చేత్తోనే, రేఖల వెంబడి, తేలిగ్గా. అప్పుడు ప్రైమర్.

కాళ్ళకి లక్క పాలిష్ వేద్దామని ఈ వానల్లో ఆత్రపడకండి. గాలిలో చెమ్మ ఎక్కువున్న రోజు వేస్తే పాలు ఒలికినట్టు తెల్లగా తేలిపోతుంది. పండక్కి పైభాగం చాలు.

సుధ_ఎంవీపీ
ముగ్గుపిండి అనగానే మా అత్తగారు లేచి వచ్చారు. "జిడ్డుకి సున్నిపిండి పెట్టినట్టేగా, ఈ మాత్రం నన్ను అడిగితే చెప్పకపోదునా" అన్నారు. పిండి ఆవిడే కలిపారు. పలచన అయిందని నన్ను తిట్టి ఇంకో గుప్పెడు వేశారు.

సీతమ్మధార_సరళ
ఇంకొకరి అద్దం అనలేదా?

సుధ_ఎంవీపీ
ఇంకా అంటున్నారు. అంటూనే కలిపారు.

సుధ_ఎంవీపీ
మంగళవారం కబురు. పొద్దున కవర్ తీసి, ఫ్యాను కింద ఎండనిచ్చి గీకితే పిండి ఆవపిండి రంగులో వచ్చింది, కొబ్బరినూనె వాసనతో. రెండోసారి వేస్తే తెల్లగానే వచ్చింది. లప్పం, ప్రైమర్ అయ్యాయి. ఈసారి టర్పెంటైన్ కలిపి, కిటికీలు తెరిచి, ఫ్యాను పెట్టి మొదటి కోటు పల్చగా వేశాను. రాత్రికి చేతికి అంటట్లేదు! లెక్క ఇప్పుడు 3240కి వచ్చింది.

బీచ్‌రోడ్_బద్ధకిష్టి
గుడ్డ కప్పితే ఈ 440 మిగిలేది.

సుధ_ఎంవీపీ
గురువారం సాయంత్రం. కొత్త చిక్కు, త్వరగా ఎవరైనా చెప్పండి. మధ్య సొరుగు రావట్లేదు. రెండు రోజులుగా ముసురు కదా, చెక్క ఉబ్బి బిగుసుకుపోయింది. పిడి పట్టి లాగితే పిడి చేతికొచ్చింది. లోపల మా అత్తగారి గాజుల పెట్టె ఉంది, రేపు పొద్దున వ్రతానికి కావాలి.

ఉక్కునగరం_రిటైర్డ్
పై అంచు కాస్త చిత్రిక పట్టిస్తే...

వడ్రంగి_మనవడు
బాబాయ్, ఆగు! వానాకాలంలో చిత్రిక పట్టిస్తే సంక్రాంతికి చెక్క ఎండి సొరుగు లొడలొడలాడుతుంది. సుధ గారూ, కింది సొరుగు పూర్తిగా బయటికి తీసెయ్యండి. ఆ ఖాళీలోంచి చెయ్యి పెట్టి మధ్య సొరుగుని వెనక నుంచి ముందుకి తొయ్యండి. ఒకే పక్క తోస్తే కోణంగా బిగుస్తుంది, రెండు చేతులతో రెండు పక్కలా. వచ్చాక పక్కలకీ కింది పట్టీలకీ కొవ్వొత్తి రుద్దండి. సబ్బు వద్దు, చెమ్మ లాగుతుంది.

మధురవాడ_మణి
పిడి ఊడింది కదా, ఏటికొప్పాక పిడులకి ఇదే ముహూర్తం.

సుధ_ఎంవీపీ
వచ్చింది! మా ఆయన చెయ్యి ఆ సందులో దూరలేదు, మా అమ్మాయి తోసింది. గాజులు బాగానే ఉన్నాయి. కొవ్వొత్తి రుద్దాక వేలితో లాగితే వస్తోంది. అత్తగారు అన్ని సొరుగులూ రెండేసి సార్లు లాగి చూసి, ఆ నేవీ వాళ్ళు దీని స్టూలు కూడా అమ్మారా అని అడిగారు. దాన్ని ఎవరో ముందే పట్టుకుపోయారు.

కంచరపాలెం_కుర్రోడు
అంతా బాగుంది కానీ దోమ ఏమైంది?

సుధ_ఎంవీపీ
గీకినప్పుడు పోయింది. ఇప్పుడు ఒక చీమ ఉంది, రెండో కోటు కింద.